కోల్ట్రేన్ ‘బ్యాలడ్స్’తో ఆల్టో వాయిస్తే శ్రుతి కలవడం లేదు

ప్రశ్న: జాజ్ టెనర్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ‘బ్యాలడ్స్’ ఆల్బమ్‌లోని ‘వాట్స్ న్యూ?’ నేర్చుకుంటున్నానండీ. నాది ఆల్టో శాక్సఫోన్. టెనర్ శాక్సఫోన్‌కి రాసిన నోట్స్ చూసి అవే ఫింగరింగ్స్ పట్టి రికార్డుతో కలిసి వాయిస్తే నాది బాగా పైన పలుకుతోంది. రీడ్ (మౌత్‌పీస్‌కి బిగించే పలచని పుల్ల) 2½ నంబరు. కీర్తనలు వాయించడం వచ్చు, జాజ్ కొత్త. లోపం ఎక్కడ?

జవాబు: వాద్యంలో లోపం లేదండీ. ఆల్టోలో సి పడితే పలికేది ఇ ఫ్లాట్, అంటే మన లెక్కలో రెండున్నర శ్రుతి. టెనర్‌లో అదే సి పడితే బి ఫ్లాట్, ఆరున్నర. ఒకే ఫింగరింగ్‌కి ఆల్టో టెనర్ కంటే సరిగ్గా షడ్జమం నుంచి శుద్ధ మధ్యమం అంత పైన పలుకుతుంది. కాబట్టి టెనర్ కాగితంలో ఉన్నదానికి అయిదు అరస్వరాలు కింద పట్టాలి: డి ఉంటే ఎ, జి ఉంటే డి. కీ సిగ్నేచర్‌కి (కాగితంలో వరస మొదట రాసే షార్ప్, ఫ్లాట్ గుర్తులకి) ఒక షార్ప్ కలపండి, ఫ్లాట్లు ఉంటే ఒకటి తీసేయండి.

ఒక ఇబ్బంది మిగులుతుంది. టెనర్ కాగితంలో కింది ఇ ఫ్లాట్ కంటే దిగువనున్న అయిదు స్వరాలు మీ ఆల్టోకి అందవు. అవి వచ్చినచోట ఆ ఒక్క స్వరాన్ని కాకుండా మొత్తం వాక్యాన్నే పై స్థాయికి ఎత్తండి, లేకపోతే బాణీ విరిగినట్టుంటుంది.

అడిగినవారు: మార్చి చూశాను, దగ్గరికొచ్చింది. ఇంకా సన్నగా తేడా ఉంది.

జవాబు: పది నిమిషాలు ఊది వాద్యం వేడెక్కాక చూడండి. చల్లగా ఉంటే శ్రుతి దిగి ఉంటుంది. ట్యూనర్ (శ్రుతి చూపించే యాప్) 440 మీద పెట్టి, ఆక్టేవ్ కీతో పై ఎఫ్ షార్ప్ ఊదండి, అది ఎ చూపించాలి. పైకి పోతే మౌత్‌పీస్‌ని కార్క్ మీద ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి లాగండి, దిగితే లోపలికి తొయ్యండి. అప్పటికీ కలవకపోతే మీ దగ్గరున్న కాపీనే అనుమానించండి. ఎల్‌పీ నుంచి ఎక్కించినదైతే ప్లేయర్ వేగం తేడాకి శ్రుతి జరుగుతుంది. రికార్డులోని మెక్‌కోయ్ టైనర్ పియానో స్వరం ఒకటి ట్యూనర్‌కి వినిపించి, పాట ప్లే చేసే యాప్‌లో రికార్డు శ్రుతిని సెంట్ల (అరస్వరంలో నూరో వంతుల) లెక్కన సరిచేసుకోండి.

మరొకరి జవాబు: శ్రుతి కుదిరాక అసలు పని మొదలవుతుంది. ‘వాట్స్ న్యూ?’ ఎంచుకోవడం మంచిదయింది. పాట 32 బార్లు (తాళంలో ఆవర్తాల్లాంటివి), ఎనిమిదేసి చొప్పున నాలుగు భాగాలు. మూడోది కొత్త బాణీ కాదు, మొదటిదే మధ్యమం మీదికి ఎక్కుతుంది. మధ్యమ శ్రుతి వాయించినవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది. రికార్డు వేగం 75 శాతానికి తగ్గించండి, అంతకంటే తగ్గిస్తే ఊపిరి, స్వరం ఎత్తుకునే తీరు సరిగ్గా వినిపించక మోసపోతారు. డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్ వాడిన బ్రష్‌ల చప్పుడుని ఆధారం చేసుకుని నాలుగు లెక్కపెడుతూ, ముందు పాడండి, ఆ తర్వాత ఊదండి.

కీర్తన అలవాటుతో ప్రతి స్వరానికీ కంపితం పడుతుంది. ఇక్కడ అది వద్దు. కోల్ట్రేన్ స్వరాన్ని నిటారుగా ఎత్తి, చాలాసేపు కదలకుండా నిలబెడతాడు. ఊగు వస్తే చివర్లో, అదీ సన్నగా. ఈ రికార్డులో నేర్చుకోవలసినవాటిలో ఇదే అన్నిటికంటే కష్టమని నా అభిప్రాయం. మెట్రోనోమ్ 60 మీద, ఒక్కో స్వరం ఎనిమిది లెక్కలు, చిన్నగా ఊదుతూ సాధన చేయండి.

అడిగినవారు: చిన్నగా ఊదితే కింది స్వరాలు గుడగుడలాడుతున్నాయి. మౌత్‌పీస్ కొద్దిగా అరగదీయిస్తే మెత్తబడుతుందని ఒకరన్నారు.

జవాబు: దయచేసి అరగదీయించకండి. మౌత్‌పీస్‌కి పని చేయిస్తే అది పాడైపోయిందని, ఈ ఆల్బమ్ రోజుల్లో దానితో ఇబ్బంది పడ్డానని కోల్ట్రేనే ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. కొనమీద తీసేసిన రబ్బరు తిరిగి రాదు. గుడగుడకి ముందు ప్యాడ్‌లు (రంధ్రాలని మూసే మెత్తని బిళ్లలు) చూడండి. పలచని కాగితపు ముక్క ప్యాడ్ కింద పెట్టి, మూసి, మెల్లగా లాగండి. చుట్టూ ఒకేలా పట్టుకోవాలి. ఒక పక్క జారిపోతే గాలి అక్కడే పోతోంది, రిపేరుకివ్వండి. ప్యాడ్‌లన్నీ బాగుంటే తప్పు దవడది: చిన్నగా ఊదేటప్పుడు కొరుకుతున్నారు. కింది దవడ కాస్త వెనక్కి జార్చి, గాలి మాత్రం తగ్గించకుండా బి ఫ్లాట్ వరకు దిగండి.