సినిమా హాలు బెజవాడని కలిపిందా, విడగొట్టిందా?

గాంధీనగరం కుర్రాడు: మా వీధి పెద్దాయన ఒకరు "సినిమా హాలుకి కులం లేదయ్యా, బెజవాడ జనం అందర్నీ ఒక్క చోట కూర్చోబెట్టింది అదే" అన్నారు. 1921లో ఊళ్లో మొదటి సినిమా హాలు మారుతీ పెట్టిన దగ్గర్నుంచి లెక్కేస్తే నూరేళ్లు దాటింది. నాకైతే ఆయన మాట మీద అంత గురి లేదు. మీరేమంటారు?

పటమట పిన్ని: కలిపింది బాబూ. కొత్త సినిమా పడితే మగవాళ్ల క్యూ రోడ్డెక్కేది, లేడీస్ కౌంటర్ దగ్గర మేం పదిమందిమే. ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లు "అక్కా, రెండు టికెట్లు తీసిపెట్టవా" అంటూ చెమటకి తడిసిన నోట్లు చేతిలో కుక్కేవాళ్లు. మీరేమిట్లు అని కులం అడిగిందెవరు? ఒకసారి చిల్లర ఇద్దామంటే అబ్బాయి కనపడలేదు. ఇంటర్వెల్లో వెతికి పట్టుకుని ఇస్తే నాకు గోలీసోడా కొట్టించాడు! ఇప్పుడు ఫోన్లో సీటు నొక్కేసి వెళ్లిపోతున్నారు.

కాలవగట్టు: పిన్నిగారూ, క్యూ సంగతి సరే, లోపల? నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. మా నాన్నది నేల టికెట్టు. గేటు కూడా పక్క సందులోంచే. పోనీ అది డబ్బు తేడా అనుకుందాం. ఫ్యాన్స్ మాటేంటి? హాస్టల్లో చేరిన మొదటి వారం నా ఫేవరెట్ హీరో పేరు చెప్పాను. రూమ్మేట్ మొహం మాడ్చుకుని "మనోడివై ఉండి వాడి బొమ్మేంట్రా?" అన్నాడు. నా కులం వాడికెలా తెలిసిందో ఇప్పటికీ అర్థం కాదు. మన దగ్గర హీరో ఎవరని అడిగితే సగంమంది అడుగుతున్నది అదే.

గాంధీనగరం కుర్రాడు: కానీ ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరిదీ కృష్ణా జిల్లానే, కులమూ ఒకటే. అయినా వాళ్ల అభిమానులు కొట్టుకున్నారుగా? కాబట్టి గొడవ ముందు, కులం తర్వాత.

కాలవగట్టు: ఆ తర్వాతే కదా నేను చెప్పేది. 1982 మార్చిలో పార్టీ పెడితే 1983 జనవరికల్లా ఎన్టీఆర్ ముఖ్యమంత్రి. హాలు ముందు తోరణాలు కట్టినవాళ్లే ఊళ్లలో జెండాలు కట్టారు. రాజకీయం వచ్చాక కులం రాకుండా ఉంటుందా?

పటమట పిన్ని: మీ ఇద్దరూ ఒకటి మర్చిపోయారు. మా ఊరి హాల్లో నేలలో ఆడవాళ్లకీ మగవాళ్లకీ మధ్య నడుమెత్తు గోడ ఉండేది. పెళ్లయిన కొత్తలో మా ఆయన ఆ గోడ మీంచే వేరుశనక్కాయల పొట్లం అందించేవారు. దీన్ని ఏ లెక్కలో వేస్తారో మీరే తేల్చుకోండి.