కలివికోడి ‘అన్నాడా’, ‘అన్నదా’?

కడప నుంచి:
ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు పిల్లలకు జంతువుల కథలు రాస్తున్నాను. మొదటి కథలోనే చిక్కు వచ్చిపడింది. అందులో హీరో మా సిద్ధవటం పక్క లంకమల అడవిలో ఉండే కలివికోడి. పగలంతా పొదల చాటున నక్కి, రాత్రిళ్లు తిరిగే పిట్ట. మగపిట్ట అనుకుని రాశాను. ‘కలివికోడి రెక్క విదిల్చి, నేనింకా ఉన్నాను అన్నాడు’ అని చదివానో లేదో, రెండో తరగతి మనవరాలు పక్కున నవ్వింది. “కోడి అన్నాడేంది తాతా, అన్నది కదా!” (ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986లో మళ్లీ కనబడింది, అందుకే ఆ మాట అనిపించాను.)

మహత్తు (మగవాళ్లను చెప్పే మాట), అమహత్తు (మిగతావన్నీ) అని బోర్డు మీద ఎన్నిసార్లు రాసి ఉంటానో! కానీ ‘అన్నది’ అని రాస్తే ఆడపిట్ట అనుకుంటారేమోనని నా బాధ. ‘అమ్మ వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ రెంటికీ ఒకటే క్రియ. తంటా అంతా మగవాటితోనే.

అనంతపురం నుంచి:
అయ్యవారూ, చిన్నయసూరి మీ మనవరాలి పక్షమే. ‘స్త్రీతిర్యగ్జడభిన్నంబులు’ మహత్తులన్నాడు, అంటే స్త్రీలు, తిర్యక్కులు, ప్రాణం లేనివి కాక మిగిలినవి. తిర్యక్కులంటే పశుపక్ష్యాదులేగా. అయితే 1858 నాటి బాలవ్యాకరణంలో ఆ మాటన్న పెద్దమనిషే, 1853 నాటి నీతిచంద్రికలో ఏం చేశాడో చూడండి. కాకి ‘లఘుపతనకమను వాయసము’. పావురాల రాజు మాత్రం ‘చిత్రగ్రీవుడు’! చివర ‘డు’ తగలగానే పావురం మగవాడైపోయింది. మీ పిట్టకూ ఒక పేరు పెట్టండి. ‘కలివయ్య అన్నాడు’ అంటే ఏ పిల్లా నవ్వదు. ‘నక్కమామ వచ్చాడు’ అనడం లేదూ?

కర్నూలు నుంచి:
పేరుతో తీరేది కాదు సార్, బహువచనం ఉంది. ‘పిట్టలు వచ్చాయి’ సరే. ‘కలివయ్య, నక్కమామ వచ్చాయి’ అంటే చెవికి ఎబ్బెట్టు, ‘వచ్చారు’ అనాల్సిందే. వాళ్లతో పేరు లేని కుందేలు కూడా వస్తే? ‘కలివయ్య, నక్కమామ, కుందేలు వచ్చా...’ అక్కడే నా నోరు ఆగిపోతుంది. మా రోళ్లపాడు బట్టమేకతో ఇంకో గొడవ. అది పిట్ట అని ఎంత చెప్పినా, పేరులో మేక వినగానే మావాడు కొమ్ములు గీస్తాడు.

కడప నుంచి:
కలివయ్య భలే ఉంది, తీసుకుంటున్నాను. కుందేలుకూ పేరు పెడితే సరిపోతుందని మనవరాలిని అడిగాను. “దానికి పేరెందుకు, అది మాట్లాడదు కదా” అంది. సరేనని దాన్ని వేరే వాక్యంలోకి పంపేశాను. ‘కలివయ్య, నక్కమామ వచ్చారు. వెనకాలే కుందేలూ వచ్చింది.’