బ్రాక్ బవర్స్‌ను టైట్ ఎండ్‌ల లెక్కలో వేయవచ్చునా?

బుల్‌డాగ్_అభిమాని:
అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జార్జియా విశ్వవిద్యాలయం తరఫున ఆడిన బ్రాక్ బవర్స్‌ను మించిన టైట్ ఎండ్ (బంతి పట్టడం, ఎదుటివారిని ఆపడం రెండూ చేసే స్థానంలో ఆడేవాడు) ఇంతవరకు లేడని నిన్న ఒక మిత్రుడితో అంటే ఆయన నవ్వి ఊరుకున్నారు. 2021 నుంచి 2023 వరకు మూడు సీజన్లలో 175 క్యాచ్‌లు, వాటితో 2,538 గజాల ముందంజ, 26 టచ్‌డౌన్లు (బంతితో ఎదుటి జట్టు చివరి గీత దాటడం), రెండు జాతీయ చాంపియన్‌షిప్‌లు. ఉత్తమ టైట్ ఎండ్‌కిచ్చే జాన్ మ్యాకీ అవార్డును రెండుసార్లు గెలిచిన మొదటి ఆటగాడు అతడే. 2023 అక్టోబరులో చీలమండకు శస్త్రచికిత్స జరిగితే నాలుగు వారాల్లోపే మళ్లీ మైదానంలోకి దిగాడు. ఇందులో నవ్వడానికి ఏముందో ఎవరైనా చెప్పగలరా?

గేటర్_87:
ఫ్లోరిడా విశ్వవిద్యాలయం టైట్ ఎండ్ కైల్ పిట్స్ 2020లో 8 మ్యాచ్‌లలోనే 43 క్యాచ్‌లతో 770 గజాలు, 12 టచ్‌డౌన్లు సాధించాడు. బవర్స్ తన మొదటి సీజన్‌లో క్యాచ్‌లతో 13 టచ్‌డౌన్లు చేయడానికి 15 మ్యాచ్‌లు పట్టాయి. భాగహారం వచ్చినవారు ఎవరైనా తేల్చవచ్చు.

ఫోర్సైత్_నాన్న:
మీరిద్దరూ బంతి పట్టడం గురించే మాట్లాడుతున్నారు. టైట్ ఎండ్ అంటే బంతి దగ్గర వరుసగా నిలబడే లైన్ చివర నిలబడి, ఎదురుగా వచ్చే బలిష్ఠుడిని భుజంతో ఆపవలసినవాడు. క్యాచ్ అతని పనిలో సగం మాత్రమే. బవర్స్‌ను లైన్‌కు దూరంగా స్లాట్‌లోనూ (లైన్‌కూ, అంచున ఉండే క్యాచర్‌కూ మధ్య చోటు), కొన్నిసార్లు వెనుక రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడు) ఉండే చోటా నిలిపేవారు. 2022లో కెంట్ స్టేట్‌పై బంతి చేతికందుకుని 75 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. చూడముచ్చటైన పరుగే, కాని అది టైట్ ఎండ్ పనేనా? అదే జట్టులో ఆరడుగుల ఏడంగుళాల టైట్ ఎండ్ డార్నెల్ వాషింగ్టన్ బ్లాకింగ్ (ఎదుటివారిని ఆపడం) బరువు మోశాడు. అతని పేరు ఈ చర్చలో ఒక్కరైనా ఎత్తారా?

బుల్‌డాగ్_అభిమాని:
బవర్స్ బ్లాక్ చేయలేదని ఎవరన్నారు? మ్యాచ్‌లు చూడకుండా రాయడం మర్యాద కాదు.

నీలిచొక్కా:
పాప్‌కార్న్ తెచ్చుకున్నాను, కానివ్వండి.

ఫోర్సైత్_నాన్న:
చూడకుండా రాసేవాడిని కాను. మా అబ్బాయి హైస్కూల్లో రెండేళ్లు టైట్ ఎండ్‌గా ఆడాడు. ప్రతి శుక్రవారం రాత్రి మ్యాచ్ అయ్యాక వాడు కారు వెనుక సీట్లో కుడి భుజం మీద ఐస్ సంచి పెట్టుకుని, మాట్లాడకుండా ఇంటిదాకా వచ్చేవాడు. రెండేళ్లలో వాడివైపు విసిరిన బంతులు వేళ్ల మీద లెక్కించవచ్చు. వాడు దారి చేసిన పరుగులన్నీ వేరొకరి ఖాతాలో పడ్డాయి, వాడికి ఏ కాలేజీ నుంచీ ఉత్తరం రాలేదు.

గేటర్_87:
బాధాకరమే, కాని దానికి, పిట్స్ సగటుకు సంబంధం ఏమిటి? క్యాచ్‌కు 17.9 గజాలు.

బుల్‌డాగ్_అభిమాని:
అయ్యా, మీ అబ్బాయికి జరిగిన అన్యాయాన్ని బవర్స్ నెత్తిన రుద్దడం న్యాయం కాదు. కాలిఫోర్నియాలోని నాపా నుంచి వచ్చిన కుర్రవాడు మీకేం చేశాడు?

ఫోర్సైత్_నాన్న:
అతడేమీ చేయలేదు. నా కోపం అతని మీద కాదు, లెక్కలు రాసే పుస్తకం మీద. ఆ పుస్తకంలో ఆపినవాడికి గడి లేదు కనుక మీరు ఆపడాన్ని ఆటగా లెక్కించడం లేదు. మొదటి నుంచీ నేను అడుగుతున్నది అదొక్కటే.

బుల్‌డాగ్_అభిమాని:
అలాగైతే ఒక మాట వినండి. బవర్స్ తల్లిదండ్రులిద్దరూ యూటా స్టేట్ క్రీడాకారులే. తల్లి సాఫ్ట్‌బాల్ ఆడారు, తండ్రి ఫుట్‌బాల్ జట్టులో సెంటర్. సెంటర్ అంటే మీకు నేను చెప్పనక్కరలేదు: ప్రతిసారీ బంతిని కాళ్ల సందునుంచి వెనక్కి అందించి, ఆ మరుక్షణమే ఎదుటివాడిని ఆపేవాడు. అతని పేరు పక్కన క్యాచ్‌లూ ఉండవు, గజాలూ ఉండవు. మీరు చెప్పే గడి లేని ఆటగాడి కొడుకే బవర్స్.

ఫోర్సైత్_నాన్న:
ఇది నాకు తెలియదు. మా వాడికి చూపిస్తాను. టైట్ ఎండ్ విషయంలో మాత్రం నా మాట మారదు.

గేటర్_87:
తండ్రులూ కొడుకులూ సరే. 8 మ్యాచ్‌లు, 12 టచ్‌డౌన్లు. దీనికి జవాబు ఇంకా రాలేదు.