పాల బండికి ఎక్కువ కాలం నిలిచే డ్రైవ్ బెల్ట్ ఏది?

ప్రశ్న (దేవరకొండ నుంచి, పాల సేకరణ చేసే రైతు)

మిత్రులందరికీ నమస్కారం. నేను రోజూ తెల్లవారుజామున నాలుగు తండాలు తిరిగి పాలు పోయించుకొని, 40 లీటర్ల క్యాన్లు రెండింటిని గేర్లు లేని 110 సీసీ స్కూటర్ మీద దేవరకొండకు చేరుస్తాను. క్యాన్ల బరువు పక్కన పెట్టినా పాలే 80 కిలోలు దాటుతాయి. ఇంజను శక్తిని వెనుక చక్రానికి అందించే డ్రైవ్ బెల్ట్ బండితో వచ్చినది ఇదే బరువు మోస్తూ 29,000 కిలోమీటర్లు నడిచింది. దాని తరువాత వేయించిన బెల్ట్ 6,000 కిలోమీటర్లకే తెగింది. మూడవది 4,500 కూడా పూర్తి చేయకుండా పోయిన వారం కొండమల్లేపల్లి దాటాక తెగిపోయింది. ఎండ ముదిరే వేళకు ఆటో దొరికింది కానీ ఒక క్యాన్ పాలు విరిగిపోయాయి, ఆ నష్టం నేనే భరించాను.

ఇంటర్నెట్‌లో కెవ్లర్ బెల్ట్ అని రెండింతల ధరకు అమ్ముతున్నారు. అది వేయిస్తే ఈ బాధ తప్పుతుందా, లేక కంపెనీ బెల్టే మేలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (మిర్యాలగూడ నుంచి, స్కూటర్ మెకానిక్)

అన్నా, కొత్త బెల్ట్ కొనే ముందు తెగిన ఆ రెండు బెల్టులను పారేయకుండా నా మాట విని ఒకసారి పరీక్షగా చూడండి. అదే బరువు, అదే దారి, అదే మనిషి ఉండగా మొదటిది 29,000 నడిచి తరువాతివి అందులో నాలుగో వంతు కూడా నడవలేదంటే, తప్పు బెల్ట్ నాణ్యతలో కన్నా అది తిరిగే పుల్లీలలో (ఇంజను దగ్గర ముందు పుల్లీ, చక్రం దగ్గర వెనుక పుల్లీ, ఒక్కోటీ రెండు ముక్కలు) ఉండే అవకాశమే ఎక్కువ.

బెల్ట్ పక్క గోడలు అద్దంలా మెరుస్తుంటే అది జారి కాలిందని అర్థం. రెండు గోడలలో ఒకటే ఎక్కువగా అరిగితే పుల్లీలు ఒకే వరుసలో లేవనో, కదిలే పుల్లీ బుష్ అరిగి ఊగుతోందనో అనుమానించాలి. రబ్బరు ఉబ్బి మెత్తబడి చేతికి జిడ్డు అంటితే నూనె తగులుతోంది. అది ఇంజను నూనె బయటికి రాకుండా ఆపే క్రాంక్ ఆయిల్ సీల్ నుంచి కావచ్చు, వెనుక పుల్లీలో పెట్టిన గ్రీజు ఓ-రింగులు (రబ్బరు ఉంగరాలు) పాడై బయటికి చిమ్మడం వల్ల కావచ్చు. లోపలి పళ్ల మొదళ్లలో పగుళ్లు ఉంటే వేడికీ వయసుకూ రబ్బరు గట్టిపడిపోయింది. ఇవేమీ లేకుండా దారాలు ఒక్కచోటే పుటుక్కున తెగి ఉంటే, బిగించేటప్పుడే బెల్ట్ నలిగి ఉండవచ్చు.

ఈ చివరి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర తొందర పనిలో జరిగే పొరపాటు ఇదే. వెనుక పుల్లీ రెండు ముక్కలను స్ప్రింగుకు ఎదురుగా విడదీసి, బెల్ట్‌ను దాని లోతుకు నొక్కి పెడితేనే ముందు పుల్లీ దగ్గర బెల్ట్ వదులుగా ఉంటుంది. అలా చేయకుండా ముందు పుల్లీ నట్టు బిగిస్తే పుల్లీ ముక్కల మధ్య బెల్ట్ చిక్కుకుంటుంది. చేతికి నట్టు గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది గానీ, బండి కదిలాక బెల్ట్ కిందికి జారి నట్టు వదులవుతుంది. అప్పుడు ముందు పుల్లీ పళ్లూ దెబ్బతింటాయి, బెల్టూ నిలవదు. కాబట్టి నట్టు బిగించే ముందు పుల్లీని చేత్తో తిప్పి, బెల్ట్ మధ్యలో చిక్కుకోలేదని చూసుకోమని మీ మెకానిక్‌కు చెప్పండి. నట్టును కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచ్ ఉన్న చోట పని చేయించడం ఇంకా మంచిది.

ముందు పుల్లీలోని రోలర్లను కూడా చేతిలోకి తీసుకొని చూడాలి. ఇంజను వేగం పెరిగేకొద్దీ అవి బయటి అంచుకు జరిగి, కదిలే పుల్లీ ముక్కను నెట్టి బెల్ట్‌ను పైకి ఎక్కిస్తాయి. ఒకవైపు చదునుగా అరిగిన రోలర్లు సాఫీగా దొర్లవు, కుదుపులతో జరుగుతాయి. బరువు మోసే బండిలో ఆ కుదుపు నేరుగా బెల్ట్ మీదనే పడుతుంది. పుల్లీ ముఖం మీద గోటితో తాకితే మెట్టులాంటి గీత తగులుతుంటే ఆ పుల్లీని మార్చక తప్పదు, దాని మీద ఎంత ఖరీదైన బెల్ట్ వేసినా వృథాయే.

ఇక కెవ్లర్ సంగతి. కెవ్లర్ అనేది 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫానీ క్వోలెక్ కనిపెట్టిన అరామిడ్ దారం. బెల్టులో బరువును లాగేది లోపలి దారమే. అరామిడ్ దారం పాలిస్టర్ కన్నా తక్కువ సాగుతుంది, వేడికి ఎక్కువ తట్టుకుంటుంది. అయితే మీ బెల్ట్ జారి కాలుతుంటే ముందు పోయేది దారం కాదు, రబ్బరు. అందువల్ల పైన కెవ్లర్ అనే మాట చూసి కొనవద్దు. మీ బండి మోడల్‌కు కంపెనీ ఇచ్చిన పార్ట్ నంబరు చూసి, అధికారిక డీలరు దగ్గర బిల్లుతో కొనండి. బాండో, మిత్సుబోషి, గేట్స్ వంటి బెల్ట్ తయారీ సంస్థల సరుకు కూడా మంచిదే, కానీ వెడల్పు, పొడవు, పక్కల కోణం మీ నంబరుకు సరిపోవాలి. ఒక్క మిల్లీమీటరు సన్నగా ఉన్న బెల్ట్ వెనుక పుల్లీలో లోతుకు దిగిపోయి, బరువుతో బయలుదేరేటప్పుడు బండి ఈడ్చినట్టు ఉంటుంది.

జవాబు 2 (అచ్చంపేట నుంచి, మాజీ సైనికుడు)

తమ్ముడూ, నేను సైన్యంలో వాహనాలు, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో పనిచేస్తున్నప్పుడు కొన్నేళ్లు మంచు కొండల్లో స్నో స్కూటర్ల మరమ్మతు చూశాను. వాటిలోనూ ఇలాంటి బెల్టూ పుల్లీలే ఉంటాయి. ఒక్క తేడా ఏమిటంటే, మీ బండిలో క్లచ్ వెనుక పుల్లీ దగ్గర ఉంటుంది కనుక ఇంజను ఆడుతున్నంతసేపూ బెల్ట్ తిరుగుతూనే ఉంటుంది. స్నో స్కూటర్‌లో ముందు పుల్లీయే క్లచ్ పని కూడా చేస్తుంది. రాత్రి ట్రాక్ (వెనుక చక్రానికి బదులు తిరిగే పట్టా) మంచుకు అతుక్కుపోయి ఉన్నప్పుడు విడిపించకుండా యాక్సిలరేటర్ ఇస్తే, కదలని బెల్ట్ మీద పుల్లీ గిరగిరా తిరిగి ఒకేచోట కాల్చేస్తుంది. ఆ చోట బెల్ట్ నడుము సన్నబడుతుంది, ఇక అది ఎన్నాళ్లో నిలవదు. అందుకే ముందు ట్రాక్‌ను కదిలించి, బెల్ట్ వెచ్చబడే వరకు నెమ్మదిగా నడిపించేవాళ్లం.

కొత్త బెల్ట్ వేసిన రోజే పూర్తి బరువు ఎక్కించేవాళ్లం కాదు. అచ్చు నుంచి ఊడి రావడానికి పూసిన జిడ్డు పోయేలా గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పుల్లీ ముఖాలను కూడా తుడిచి వేసేవాళ్లం. మీరు కూడా మొదటి 80 కిలోమీటర్లు ఒకే క్యాన్‌తో, యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తిప్పకుండా నడపండి. బెల్ట్ మీద బాణం గుర్తు ఉంటే అది తిరిగే దిశ. వాడిన బెల్ట్‌ను విప్పి మళ్లీ వేసేటప్పుడు ఆ దిశ మారకూడదు.

జవాబు 3 (నారాయణపేట నుంచి)

మా దారి అంతా మట్టిదారే. బెల్ట్ పెట్టెలోకి గాలి వెళ్లే చోట ఉన్న చిన్న ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి లోపల వేడి పెరిగినందుకు మా బండి బెల్ట్ ఒకటి పోయింది. ఇప్పుడు ఇంజన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఆ ఫిల్టర్‌ను శుభ్రం చేయిస్తున్నాము.

ప్రశ్న అడిగిన రైతు

మీరందరూ చెప్పినట్టే నిన్న నల్లగొండలో బండి విప్పించాను. ఆరు రోలర్లలో నాలుగు చదునుగా అరిగి ఉన్నాయి. వెనుక పుల్లీ గ్రీజు చిమ్మి బెల్ట్ ఒక గోడకు అంటింది. తెగిన రెండు బెల్టులూ ఆ పక్కనే ఉబ్బి ఉన్నాయి. రెండుసార్లూ బెల్ట్ మార్చిన చోట ఈ సంగతి నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. రోలర్లు, ఓ-రింగులు, ముందు పుల్లీ మార్పించి కంపెనీ బెల్టే వేయించాను, ఇప్పటికి ఒక్క క్యాన్‌తోనే తిరుగుతున్నాను. ముందు జాగ్రత్తగా ఇంకో బెల్ట్ కూడా కొని ఉంచాను. దాన్ని సీటు కింద పెట్టుకోవచ్చా?

జవాబు 1 రాసిన మెకానిక్

వద్దు అన్నా. సీటు కింద ఇంజను వేడి తగులుతుంది, పైగా చుట్ట చుట్టి ఇరికిస్తే లోపలి దారం విరుగుతుంది. మడత పెట్టకుండా, దాని సహజమైన గుండ్రంలోనే ఉంచి, ఎండ తగలని చోట ఇంట్లోనో పాల కేంద్రంలోనో బల్ల మీద పరిచి పెట్టండి. బెల్ట్ పెట్టెను మూసే కిక్ కవర్ బోల్టులకు సరిపడే స్పానర్ మాత్రం బండిలోనే ఉండాలి.