ప్రోటీన్ నిర్మాణాల పట్టిక: కోడ్ రానివాళ్లు కూడా వాడుకునేలా ఎలా తయారుచేయాలి?

ప్రశ్న:
దాదాపు 300 యూనిప్రాట్ (ప్రోటీన్ల అమైనో ఆమ్ల వరుసల డేటాబేస్) నంబర్ల జాబితా ఉంది. ఒక్కోదానికి పీడీబీలో (ప్రయోగాల్లో తేలిన నిర్మాణాల డేటాబేస్) ఏ నిర్మాణాలున్నాయి, లేకపోతే ఆల్ఫాఫోల్డ్ (ఏఐ అంచనా వేసిన) నమూనా ఏది, ఫలానా మ్యుటేషన్ అందులో ఎక్కడ పడుతుంది అనేవి చూపే పట్టిక కావాలి. వాడేవాళ్లకు పైథాన్ రాదు. ఇప్పుడు ఫైళ్లు దించి మ్యుటేషన్ స్థానం నంబరు పట్టుకుని వెతుకుతుంటే చాలాచోట్ల వేరే అమైనో ఆమ్లం కనిపిస్తోంది. ఎందుకని?

జవాబు 1:
మీరు వెతికే నంబరు, ఫైల్లోని నంబరు ఒకే లెక్కలో లేవండి. సికిల్ సెల్ మ్యుటేషన్‌నే తీసుకోండి. పాత పుస్తకాల్లో అది బీటా గ్లోబిన్ 6వ స్థానం. యూనిప్రాట్ మొదటి అమైనో ఆమ్లమైన మెథియోనిన్‌ను కూడా లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ 7. హీమోగ్లోబిన్ నిర్మాణం 4హెచ్‌హెచ్‌బీలో బీ, డీ గొలుసులు బీటావి, వాటిలో ఆ గ్లుటామిక్ ఆమ్లం నంబరు 6. 7 అని వెతికితే పక్కనున్నది దొరుకుతుంది. అదీ గ్లుటామిక్ ఆమ్లమే కావడంతో తప్పు జరిగినట్టు కూడా తెలియదు!

అన్నిటికీ ఒకటి తీసేస్తే సరిపోతుందనుకోకండి. త్రాంబిన్ అనే ప్రోటీన్‌లో 60 తర్వాత 60ఏ నుంచి 60ఐ దాకా అక్షరాలు తగిలించిన నంబర్లు వస్తాయి. కూడికలు, తీసివేతలు మానేసి సిఫ్ట్స్ పట్టిక దించుకోండి. ఏ పీడీబీ గొలుసులో ఏ భాగం యూనిప్రాట్‌లో ఎక్కడినుంచి ఎక్కడిదాకా వస్తుందో అందులో ఉంటుంది. ఒక భాగం మొదటి అమైనో ఆమ్లం ప్రయోగంలో కనిపించకపోతే ఆ గడిలో నంబరు ఉండదు. అలాంటి వరుసలను పారేయకుండా, ఒక్కో అమైనో ఆమ్లానికి విడిగా ఇచ్చే సిఫ్ట్స్ ఫైలు చూడండి.

జవాబు 2:
పై మాటకు ఇంకొకటి. పాత పీడీబీ ఫార్మాట్ వదిలి కొత్త ఫార్మాట్ ఎంఎంసిఫ్ తీసుకోండి. పాతదానిలో 99,999 అణువులు దాటితే చోటుండదు, గొలుసు పేరు ఒక్క అక్షరమే. రైబోజోమ్ లాంటివి అందులో పట్టవు. అయితే ఎంఎంసిఫ్‌లో గొలుసుకూ, స్థానానికీ రెండేసి పేర్లుంటాయి: పరిశోధకులు ఇచ్చినది ఒకటి, డేటాబేస్ ఇచ్చినది ఒకటి. పరిశోధనా పత్రాల్లో కనిపించేది మొదటిది. పట్టికలో రెండూ వేరువేరు కాలమ్‌లుగా పెట్టి, వాడుకరికి మొదటిదే చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
సరే. ఒక ప్రోటీన్‌కు పదుల కొద్దీ నిర్మాణాలుంటే ఏది ముందు చూపాలి? రిజల్యూషన్ (నిర్మాణం ఎంత స్పష్టంగా కనిపించిందో చెప్పే కొలత, ఎంత తక్కువైతే అంత మేలు) బాగున్నదా?

జవాబు 2:
రిజల్యూషన్ రెండో మెట్టు. ముందు ఆ మ్యుటేషన్ స్థానం ఆ నిర్మాణంలో నిజంగా కనిపించిందా చూడండి. 1.2 ఆంగ్‌స్ట్రామ్‌ల నిర్మాణంలో ఆ స్థానం ఉన్న లూప్ (వంపు భాగం) లేకపోతే దేనికి? ఆ తర్వాతే రిజల్యూషన్. ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంతో చేసే పద్ధతి) నిర్మాణాలకు ఆ విలువ ఉండదు. ఖాళీ గడిని సున్నాగా నింపారంటే అవన్నీ జాబితా నెత్తిన కూర్చుంటాయి.

జవాబు 3:
బయొలాజికల్ అసెంబ్లీ (ప్రోటీన్ పనిచేసే పూర్తి రూపం) ఫైలు లింకు కూడా ఇవ్వండి. ఆక్సీహీమోగ్లోబిన్ 1హెచ్‌హెచ్‌ఓ మామూలు ఫైలు తెరిస్తే ఒక ఆల్ఫా, ఒక బీటా గొలుసే కనిపిస్తాయి. నాలుగు గొలుసుల అణువు స్ఫటిక సౌష్ఠవం వర్తింపజేస్తేనే వస్తుంది. సగం అణువు చూసి ‘ఈ స్థానం బయటికే ఉంది’ అని రాసేసేవాళ్లకు కొదవ లేదు.

ఆల్ఫాఫోల్డ్ వరుసలను ప్రయోగ నిర్మాణాలతో కలపకుండా వేరే రంగులో పెట్టండి. వాటి ఫైల్లో బీ ఫ్యాక్టర్ కాలమ్‌లో ఉండేది పీఎల్‌డీడీటీ, అంటే నమ్మకపు స్కోరు. అర్థం తలకిందులు: మామూలు ఫైల్లో పెద్ద విలువ ఉంటే ఆ భాగం కదులుతోందని, ఇక్కడ పెద్ద విలువ ఉంటే గట్టిగా నమ్మవచ్చని. బీ ఫ్యాక్టర్ రంగులే వేస్తే బాగున్న భాగం ఎర్రగా కనిపిస్తుంది. 90 పైన చాలా బాగు, 70 నుంచి 90 వరకు ఫర్వాలేదు, 50 కంటే తక్కువైతే అక్కడి ఆకారాన్ని చదవకండి. రెండు డొమైన్‌లు (ప్రోటీన్‌లోని విడి భాగాలు) ఒకదాని పక్కన ఒకటి ఎలా ఉన్నాయో తేల్చడానికి ఈ స్కోరు చాలదు, పీఏఈ (వాటి పరస్పర స్థానంలో ఎంత తప్పు ఉండొచ్చో చూపే) పటం చూడాలి.

ప్రశ్న అడిగినవారు:
చూడటానికి సాఫ్ట్‌వేర్ ఏదైనా ఎక్కించాలా?

జవాబు 3:
అక్కర్లేదు. నిర్మాణాలను చూపే మోల్‌స్టార్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ప్రతి వరుసకూ దాని లింకు పెడితే చాలు. పీడీబీకి కొత్త నిర్మాణాలు ప్రతి బుధవారం వస్తాయి, కాబట్టి పట్టిక తయారుచేసే మీ స్క్రిప్టును గురువారం నడపండి. దించిన తేదీకి ఒక కాలమ్ ఉంచండి. పాత నిర్మాణాన్ని తొలగించి కొత్తది పెట్టడమూ జరుగుతుంది.

జవాబు 1:
పట్టికను ఎక్సెల్‌లో ఇచ్చేట్టయితే ఐడీ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి. హాలోరోడాప్సిన్ అనే ప్రోటీన్ నిర్మాణం ఐడీ 1ఈ12 (1E12). ఎక్సెల్ దాన్ని ఒకటి పక్కన పన్నెండు సున్నాలున్న సంఖ్య అనుకుంటుంది, లింకు పనిచేయదు. కాలమ్ వెడల్పు కూడా నాలుగు అక్షరాలకే కట్టేయకండి, 12 అక్షరాల కొత్త ఐడీలు వస్తున్నాయి.