పదేళ్ల పిల్లలకు సముద్రపు దొంగల పుస్తకం: ఏది ముందు?

ప్రశ్న: పాపకి పదేళ్లు. తెలుగు బాగానే చదువుతుంది, ఇంగ్లిష్ కాస్త నెమ్మది. ‘ట్రెజర్ ఐలండ్’ ఇప్పుడే ఇవ్వొచ్చా? హింస ఎక్కువంటున్నారు.

జవాబు 1: ముందు తెలుగులో ఇవ్వండి. నండూరి రామమోహనరావు గారి ‘కాంచన ద్వీపం’ ఆ నవలకు అనువాదమే. ఇంగ్లిష్ మూలం 1883లో పుస్తకంగా వచ్చింది, 34 అధ్యాయాలు. రోజుకి ఒకటి చాలు. పిల్లలు సాధారణంగా ఆగిపోయేది 16వ అధ్యాయం దగ్గర. అప్పటిదాకా కథ చెప్పిన కుర్రాడు జిమ్ పక్కకి తప్పుకుని, మూడు అధ్యాయాలు డాక్టర్ చెబుతాడు. ఆ మాట ముందే చెబితే తికమక పడరు. పుస్తకంలో దీవి పటం ఉందో లేదో చూసి కొనండి, అది లేని ప్రతి దండగ.

జవాబు 2: హింస సంగతి. 14వ అధ్యాయంలో దొంగల నాయకుడు సిల్వర్ తన ఊతకర్ర విసిరి ఒక నావికుణ్ణి పడగొట్టి, కత్తితో పొడిచి చంపుతాడు. 26లో తుపాకీ కాల్పులు. ఈ రెండూ పక్కన కూర్చుని చదవండి. అసలు రుచి 11లో ఉంది: ఆపిల్ పీపాలో నక్కిన జిమ్ దొంగల కుట్రంతా వింటాడు. దాన్ని పైకి చదివి వినిపిస్తే మిగతాది తనే లాక్కుని చదువుతుంది.

జవాబు 3: సంక్షిప్త ప్రతులతో జాగ్రత్త. చాలావాటిలో సిల్వర్ ఉత్త దుర్మార్గుడైపోతాడు. జిమ్‌తో అతని చనువు తీసేస్తే ఇక మిగిలేది నిధి తవ్వకమే. అన్నట్టు, నిజంగా నిధి పాతిపెట్టిన దొంగలు అరుదు. కెప్టెన్ కిడ్ అనే నిజం దొంగ 1699లో అమెరికాలోని గార్డినర్స్ దీవిలో పాతాడు, అతన్ని 1701లో లండన్‌లో ఉరితీశారు.