"ఎక్కిన బారని గుర్రము": ఆ 'బా' సంగతి

మూసీగట్టు: సుమతీ శతకంలోని "మోహరమున దా నెక్కిన బారని గుర్రము" కొన్నాళ్లుగా బుర్రలో తిరుగుతోంది. శంషాబాద్ అవతల మా పొలంలో మార్వాడీ ఆడగుర్రం ఉండేది. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకేవి. మహా పొగరు. కళ్లెం కాస్త బిగిస్తే తల విసిరేది. పగ్గాలు వదులు చేస్తే రెవాల్ నడక అందుకునేది. నాలుగు డెక్కలూ విడివిడిగా టకటకా పడేవి, జీను మీద మనిషి కుదుపు ఎరగడు. కానీ బరాత్‌లో బ్యాండు మొదలైతే చాలు, నడిరోడ్డు మీద నిలబడిపోయేది. నాన్న వెంటనే "గ్రక్కున విడువంగవలయు" అనేవారు. ఇక్కడ పారడమంటే పరుగెత్తడమా, పారిపోవడమా? యుద్ధంలో పారిపోని గుర్రాన్ని వదలడమెందుకు?

బండిర: పరుగే, అనుమానం లేదు. అసలు చూడాల్సింది 'బా'. ఎక్కినన్ + పాఱని. ద్రుతం (చివరి 'న్') మీద పరుషం ('ప') సరళం ('బ') అయింది. 'ఎక్కిన గుర్రం' అని విశేషణమే అయితే పకారం పకారంగానే ఉండాలి. కాబట్టి 'ఎక్కితే పరుగెత్తనిది'.

కందప్రియ: 'ఎక్కితే' కాదండీ, 'ఎక్కినా'. "మ్రొక్కిన వరమీని వేల్పు" చూడండి, మొక్కినా వరమివ్వనిది. నిష్ఠూరమంతా ఆ 'నా'లోనే ఉంది.

బండిర: చేదర్థకంతోనే, అంటే 'ఎక్కితే' అన్న అర్థంతోనే అన్వయం కుదురుతుంటే, లేని సముచ్చయం, అంటే 'ఎక్కినా'లోని 'కూడా' అన్న అర్థం, తెచ్చిపెట్టడమెందుకు?

గోల్కొండవాసి: గుర్రాల మాటొస్తే రాయలవారిని తలవకుండా ఎలా? ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో, ఏనుగులూ మంచి గుర్రాలూ తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్లూ మేడలూ ఇచ్చి, కొలువులో మన్నించి మనవాళ్లను చేసుకోమంటారు. అవి శత్రువుకు అందకూడదు, అదీ లెక్క. రాజ్యం నిలిచేది గుర్రం మీదేనని తెలిసి రాసిన పద్యం, ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు నాకు. అన్నట్టు అమరకోశంలో పంచధారలు, అంటే గుర్రపు నడకలు ఐదు, ఉన్నాయి కదా: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. మీ రెవాల్ ధౌరితకమే అయ్యుంటుంది.

కందప్రియ: రేచితం ఎందుకు కాకూడదు? రెవాల్, రేచితం. మొదటి అక్షరం గమనించారా?

బండిర: మొదటి అక్షరం కలిసినంత మాత్రాన చుట్టరికం రాదండీ.

మూసీగట్టు: పేరేదైనా ఆ నడక మళ్లీ దొరకలేదు నాకు. వాన వెలిశాక మట్టిబాట మీద పోతుంటే మెడ విల్లులా వంచి, తోక ఎత్తి, ఎదురొచ్చే ఎడ్లబండిని కూడా లెక్కచేసేది కాదు. నాన్న ఎన్నిసార్లు పద్యం చదివినా మేం అమ్మలేదు. బాటలో పారి, బ్యాండు ముందు పారనిదాన్ని కవి ఏ లెక్కలో వేస్తాడు?

గోల్కొండవాసి: "మోహరమున" అని స్పష్టంగా ఉందిగా. బరాత్ యుద్ధం కాదు. మీ గుర్రానికి ఆ పద్యం వర్తించదు.

కందప్రియ: మోహరమంటే యుద్ధమొక్కటే కాదు, బారులు తీరిన సేన కూడా. వరస కట్టిన జనం మధ్య, వాద్యాల మోతలో కదలని గుర్రం అనుకుంటే వాళ్ల నాన్నగారి మాటే నెగ్గుతుంది.